పన్నెండు ఇళ్లు ఒకే పొయ్యి మీద వండుకుంటే నిలుస్తుందా? (విజయనగరం)

మిల్లుకాలనీ
మిల్లు పని పోయాక మా వీధిలో పన్నెండు ఇళ్లవాళ్లం రాత్రిపూట కలిసి వండుకుంటున్నాం. పిల్లాపెద్దా 46 మంది. తలకింత కోటా బియ్యం, ఇంటికి రోజుకి ఇరవై రూపాయలు. రెండు నెలలైంది. బియ్యం ఎంత పోయాలో రోజూ గొడవే. గ్యాసా, కట్టెలా? డబ్బు ఇవ్వలేని వారం ఆ ఇంటిని ఏం చెయ్యాలి? చేసినవాళ్లు చెప్పండి.

పెద్దడేగిసా
28 ఏళ్లుగా పెళ్లివంటలు చేస్తున్నాను, నెల్లిమర్ల నుంచి గజపతినగరం దాకా నా చెయ్యి తెలియని ఊరు లేదు. రాసుకోమ్మా. వందమందికి పన్నెండు కేజీలు, కూలిపని చేసొచ్చినోళ్లయితే పదిహేను. మీకు ఏడు కేజీలు చాలు. గాడిపొయ్యి తవ్వండి. ఎసరు తెర్లాక బియ్యం పోసి, పలుకు ఉండగానే సిబ్బి పెట్టి గంజి వార్చెయ్యాలి.

టెక్కలి టీచర్
గంజి వార్చొద్దు. నీళ్లలో కరిగే బి విటమిన్లు చాలావరకు దాంతోనే పోతాయి. పేదవాళ్ల కంచంలోకి వచ్చేదే తక్కువ, అదీ కాలవలో పోస్తారా? బడిలో మధ్యాహ్న భోజనానికి ఐదో తరగతి దాకా పిల్లకి 100 గ్రాములు, ఆ పైన ఎనిమిది దాకా 150 గ్రాముల బియ్యం లెక్క. దాన్నిబట్టి కొలుచుకోండి.

పెద్దడేగిసా
టీచరమ్మగారూ, ఏడు కేజీలు అత్తెసరు పెట్టి చూడండి. అడుగు మాడి, పైన పలుకుంటాది. కుక్కర్లో వండుకునేవాళ్ల మాట డేగిసాకి పనికిరాదు.

టెక్కలి టీచర్
నా చిన్నప్పుడు మా అమ్మ కుండలోనే వండేది. గంజిలో ఉప్పేసి మాకే తాగించేది, పారబొయ్యలేదు. నేనంటున్నది అదే.

సోంపేట కుర్రోడు
గంజి సరే, కోటా బియ్యంలో ప్లాస్టిక్ గింజల సంగతేటి? కడుగుతుంటే పైకి తేల్తన్నాయి. మా మామ్మ ఏరి పారేస్తాది.

టెక్కలి టీచర్
ఏరొద్దని చెప్పు బాబూ! అవి ప్లాస్టిక్ కావు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మళ్లీ గింజలుగా చేసినవి. వంద కేజీలకి ఒక కేజీ చొప్పున కలిపినవి. ఆ ఒక్కటీ ఏరి పారేస్తే మిగిలేది మామూలు బియ్యమే.

సోంపేట కుర్రోడు
అలగని మాకెవరూ సెప్పలేదు మేడమ్. డీలర్ని అడిగితే కసురుకున్నాడు.

కొబ్బరితోట
మాది వజ్రపుకొత్తూరు మండలం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఊరంతా గుడి ముందే వండుకుంది. కరెంటు లేదు, బోరు నడవదు. జనరేటర్ అద్దెకి తెచ్చి ట్యాంకు నింపాం. చెట్లన్నీ పడిపోయి ఊరి నిండా కట్టెలే, కాని అన్నీ పచ్చివి. పచ్చి కొబ్బరిమట్ట పొగకి మా చిన్నమ్మ కళ్లు రెండూ వాచిపోయాయి. అయినా గంటె వదల్లేదు. గ్యాసా కట్టెలా అన్నారు కదా, కట్టెలైతే ఎండువి నెలకి సరిపడా ముందే పేర్చుకోండి. గ్యాసైతే ఇంటికిచ్చే 14.2 కేజీల బండ ఇలాంటి వంటకి వాడకూడదు, 19 కేజీల కమర్షియల్ బండ తీసుకోవాలి.

ఇంకోటి ఎవరూ అడగలేదు. మీలో కిడ్నీ జబ్బువాళ్లు ఉన్నారా? మా నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఉమ్మడి వంటలో ఉప్పు ఆయనకి విషమే. మా చిన్నమ్మ ఉప్పు వెయ్యక ముందే ఆయన కూర చిన్న గిన్నెలోకి తీసి, మూత మీద బొగ్గుతో గీత గీసేది. ఆ గిన్నె ఎవరూ ముట్టేవారు కాదు. కిడ్నీ జబ్బు ఎక్కువున్న మా ఉద్దానం ప్రాంతంలో ఎవరు కలిసి వండుకున్నా ముందు ఆ గిన్నె పక్కన పెట్టాలి.

పెద్దడేగిసా
ఉప్పు ముందే పడకపోతే కూరకి పట్టదు. దించాక వేసిన ఉప్పు పైపైనే ఉంటాది.

కొబ్బరితోట
రుచి గురించి మాట్లాడటం లేదండీ. మనిషి గురించి మాట్లాడుతున్నాను. 28 ఏళ్ల అనుభవం మీ దగ్గరే ఉంచుకోండి.

పెద్దడేగిసా
తప్పయింది తల్లీ. నాన్నగారి మాట నేను సరిగ్గా చదవలేదు.

నాగావళి ఒడ్డు
డబ్బు సంగతి అందరూ వదిలేశారు. ఇవ్వలేని ఇంటి చేత ఆ వారం అంట్లు తోమించండి, కూరలు తరిగించండి. లెక్క సరిపోతుంది.

ఆముదాలవలస అక్క
అలా ఎంతమాత్రం చెయ్యకండి! మా పేటలో అదే జరిగింది. మా ఆయన మంచాన పడ్డ మూడు వారాలూ నేనే అంట్లు తోమాను. పని చెయ్యడానికి నాకు బాధ లేదు. కాని వడ్డనకి ముందు ఒకాయన పుస్తకం తీసి బాకీ ఉన్న పేర్లు పైకి చదివేవాడు. నా పేరు విన్నాక మా పాప కంచం పట్టుకుని లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి ఇద్దరం చోడి అంబలి తాగి పడుకున్నాం. మళ్లీ అటు వెళ్లలేదు. అంట్లు తోమడం అందరికీ వంతులేసి పెట్టండి, ఇచ్చినోళ్లకీ ఇవ్వనోళ్లకీ. పుస్తకం ఒక్కరి దగ్గరే మూసి ఉండాలి.

నాగావళి ఒడ్డు
అక్కా, నేనంత దూరం ఆలోచించలేదు. మా దగ్గర ఐదు రూపాయల అన్న క్యాంటీన్ ఉంది, టోకెన్ తీసుకుంటే ఎవరి పేరూ ఎవరూ చదవరు. మీరన్నాక అర్థమైంది.

మిల్లుకాలనీ
ఇవాళ ఏడు కేజీలు పోశాం, సరిగ్గా సరిపోయింది. గంజి వార్చి, ఉప్పేసి పిల్లలకి తలా గ్లాసు ఇచ్చాం. మా గోడ మీద సుద్దతో రాసిన బాకీల పట్టిక ఉండేది, అక్క రాసింది చదివి మా అత్తే తడిగుడ్డతో తుడిచేసింది. ఉప్పు లేని గిన్నె ఒకటి రేపటి నుంచి మా ఎదురింటి తాతయ్యకి. ఆదివారం పనసపొట్టు ఆవ పెట్టి చేద్దామనుకుంటున్నాం. 46 మందికి ఆవాలు ఎంత నూరాలి, డేగిసా అన్నా?