ఈ 'స్టేజ్'ని తెలుగులో ఏమందాం? దశా, మజిలీనా?

అందరికీ నమస్కారం. ఒక చిన్న అనువాదం చేస్తూ ఒక్క మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను.

1649 జనవరి 30. లండన్ వైట్‌హాల్‌లో బాంక్వెటింగ్ హౌస్ బయట కట్టిన వధ్యవేదిక. పార్లమెంటుతో యుద్ధంలో ఓడిపోయిన రాజు మొదటి చార్లెస్ తల నరకబోతున్నారు. పక్కన లండన్ బిషప్ విలియం జక్సన్ ఉన్నాడు. రాజు జుట్టంతా టోపీలోకి దోపుకున్నాక బిషప్ ఆయనతో చెప్పిన మాటను ఇలా రాశాను: "ఇంకొక్క దశే మిగిలింది. ఇది అల్లకల్లోలమైన దశ, కానీ చిన్నది. త్వరలోనే మిమ్మల్ని చాలా దూరం తీసుకుపోతుంది, భూమి నుంచి పరలోకానికి."

చదువుకుంటే ఎక్కడో తేడా కొడుతోంది. దశ మనిషిని ఎక్కడికి తీసుకుపోతుంది? పైగా మన వాళ్లకు దశ అనగానే శని గుర్తొస్తాడు. మీరైతే ఏం రాస్తారు?

ఒక సభ్యురాలి జవాబు:
'వేదిక' అంటే కుదరదా అండీ? ఆయన నిలబడింది దాని మీదే కదా, శ్లేష కూడా దక్కుతుంది.

మరో సభ్యుడి జవాబు:
శ్లేష ఉండొచ్చు గానీ అమ్మా, వేదిక కూడా ఎవరినీ మోసుకుపోదు. అప్పటి ఇంగ్లండ్‌లో గుర్రాలు మార్చుకునే రెండు చోట్ల మధ్య దూరాన్ని కూడా స్టేజ్ అనేవారు. ఆ అర్థంలో చూస్తే 'చిన్నది', 'దూరం తీసుకుపోతుంది' అన్న రెండూ సరిగ్గా అతుకుతాయి. మనకు మజిలీ ఉండగా వెతుకులాట ఎందుకు? కాశీకి నడిచి వెళ్లిన రోజుల్లో మన వాళ్లు దూరాన్ని మజిలీల్లోనే లెక్కపెట్టేవారు.

నా జవాబు:
మాస్టారూ, దండాలు. "ఇంకొక్క మజిలీ ఉంది" అని రాయగానే వాక్యం కుదుటపడింది.

తర్వాతి మాట రాజుది. దాన్ని నేను అనువదించాల్సిన పనే లేకపోయింది. పాడైపోయే కిరీటం వదిలి పాడైపోని కిరీటానికి వెళ్తున్నానంటాడు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలోని మాట. తెలుగు బైబిల్‌లో 'క్షయమగు కిరీటము', 'అక్షయమగు కిరీటము' అని ఎప్పుడో వచ్చేసింది. ఇంగ్లీషులో లేని శబ్దబలం ఈ క్షయ, అక్షయల్లో ఉంది. మార్చి రాస్తే పాపం.

దానికి జక్సన్ "మంచి మారకమే" అన్నాడు. ఇక్కడ 'బేరం' అని రాసి కొట్టేశాను, సంత వాసన వస్తోందని. ఆయన 1636 నుంచి 1641 దాకా రాజ్య కోశాధికారి. లెక్కల మనిషి నోట మారకం నప్పుతుంది. ఏడో హెన్రీ కాలం తర్వాత ఆ పదవి చర్చి మనిషికి దక్కడం ఇదే మొదలు.

ఈయన కథ నాకు నచ్చింది. 1641లో తన మంత్రి స్ట్రాఫర్డ్‌కు మరణశిక్ష వేసే పత్రం మీద సంతకం పెట్టాలా వద్దా అని రాజు అడిగితే, మనస్సాక్షి ఒప్పుకోకపోతే పెట్టొద్దని చెప్పాడు. రాజు పెట్టాడు, చచ్చేదాకా బాధపడ్డాడు. యుద్ధకాలమంతా బిషప్ ఫుల్‌హామ్‌లో నోరు మూసుకుని బతికాడు. 1646లో పార్లమెంటు బిషప్ పదవులనే రద్దు చేసింది. రాజు పోయాక లిటిల్ కాంప్టన్ అనే పల్లెకు వెళ్లి వేటకుక్కలు పెంచుకున్నాడు. రాచరికం తిరిగి వచ్చాక, 1660లో, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. 1661లో రెండో చార్లెస్ తల మీద కిరీటం పెట్టింది ఆయనే. తండ్రిని అక్షయ కిరీటానికి సాగనంపినవాడు కొడుక్కి క్షయ కిరీటం పెట్టాడన్నమాట!

అదే సభ్యురాలు:
బాగుందండీ. బిషప్‌ని బిషప్ అనే ఉంచారేం? బైబిల్‌లో 'అధ్యక్షపదవి' అని ఉంది కదా.

నా జవాబు:
ఉందండీ, మొదటి తిమోతి 3లో. కానీ ఇవాళ 'లండన్ అధ్యక్షుడు' అంటే ఏ పార్టీకి అని అడుగుతారు. కథోలిక చర్చిలో పీఠాధిపతి అంటారు, ఈయన ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి మనిషి. 1912లో బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారిని మన జనం బిషప్ అనే పిలిచారు. అదే ఉంచేశాను.

ఇప్పుడు అసలు చిక్కు. తల వంచే ముందు రాజు మెడలోని పతకం తీసి బిషప్ చేతికిచ్చి ఒక్క మాట అన్నాడు: రిమెంబర్. వాళ్ల భాషలో దానికి మన్నన లేదు, చనువు లేదు. మనకు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. 'గుర్తుంచుకో' అంటే రాజు గొంతు వినిపిస్తుంది, 'గుర్తుంచుకోండి' అంటే 48 ఏళ్ల మనిషి తనకంటే పద్దెనిమిదేళ్లు పెద్దాయనతో అన్నట్టుంటుంది. క్రియ వదిలేసి 'జ్ఞాపకం' అని ఊరుకుంటే? మాస్టారూ, మీరేమంటారు?

ఆయన జవాబు:
'మరవొద్దు' రాయి నాయనా. అందులో 'నువ్వు', 'మీరు' రెండూ ఇముడుతాయి.