అప్‌డేట్: పెద్దమ్మ పుస్తకానికి ముందుమాట రాసేశాను

మా పెద్దమ్మ తన కథల సంపుటికి ముందుమాట నన్నే రాయమంది, పేరున్న రచయిత్రిని కాదు కదా, రాయొచ్చా అని మిమ్మల్ని అడిగాను. చాలామంది రాయమనే అన్నారు, రాశాను, అందరికీ థ్యాంక్స్.

మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. తెలుగులో ముందుమాట అనగానే 'మహాప్రస్థానం'కి చలం రాసిన 'యోగ్యతాపత్రం' గుర్తొస్తుంది, దాని ముందు మనమెంత! కానీ అది ఒక పెద్ద రచయిత ఒక కవి గురించి రాసింది, నేను రాయాల్సింది పాఠకురాలిగా. ఆవిడ చెల్లెలి కూతుర్నని మొదటి వాక్యంలోనే చెప్పేశాను. కథల సారాంశం చెప్పొద్దన్న మీ సలహా బాగా పనికొచ్చింది. ఒక కథలో నల్లకుంటలో తెల్లారకముందే నల్లా దగ్గర నిలబడ్డ కోడలు, చీకట్లో ఏమీ కనబడకపోయినా, నీళ్ల చప్పుడు మారగానే బిందె నిండిందని గ్రహించి పక్కకు లాగుతుంది. పెద్దమ్మ చూపు ఎంత నిశితమో చెప్పడానికి ఆ ఒక్క చోటు గురించే పేరా అంతా రాశాను.

డెమీ సైజు పుస్తకంలో ఫారమంటే (ఒకే షీటు మీద కలిపి అచ్చేసే పేజీలు) 16 పేజీలు, నీది రెండు పేజీలు దాటితే ఫారం పెరుగుతుందని ప్రెస్ ఆయన చెబితే పొగడ్తలన్నీ కొట్టేశాను. నిజానికి అప్పుడే బాగుపడింది. యూనికోడ్ (ఫోన్లో, నెట్‌లో టైప్ చేసే మామూలు తెలుగు) నుంచి ప్రెస్ వాళ్లు వాడే డీటీపీ ఫాంట్‌లోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోయాయి, మీలో ఎవరైనా పుస్తకం వేస్తుంటే ప్రూఫు మీరే చూసుకోండి.

డిసెంబర్ బుక్ ఫెయిర్‌కి పుస్తకం వచ్చేస్తుంది. ఆవిష్కరణకి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో హాలు అడుగుతున్నాం, అక్కడా నువ్వే మాట్లాడాలంటోంది పెద్దమ్మ.