శరణార్థులకి ముందు ఉద్యోగమా, ముందు భాషా?

తూనిక:
అమెరికాలో మే 2025 నుంచి కొత్తగా వచ్చే శరణార్థులకి నగదు సాయం 12 నెలల నుంచి 4 నెలలకి తగ్గించారు కదా, నాకైతే సబబే అనిపిస్తోంది. పని చేయగలిగినవాళ్ళని వచ్చాక వీలైనంత త్వరగా పనిలో పెట్టాలని 1980 శరణార్థుల చట్టంలోనే ఉంది, దిగిన దగ్గర్నుంచి పని చేసే హక్కూ ఉంది, ఇంక నెలల తరబడి చెక్కులిస్తే అలవాటు పడిపోరా? జర్మనీ చూడండి, ముందు 600 గంటల భాషా క్లాసులని కూర్చోబెట్టి 2023లో వాళ్ళని త్వరగా పనిలో పెట్టడానికి జాబ్-టర్బో అనే పథకంతో పరిగెత్తాల్సొచ్చింది.

వెన్నెలబాట:
తూనిక గారూ, ఆ సాయం అందరికీ రాదండీ, ఎక్కువగా చిన్నపిల్లలు లేనివాళ్ళకే. పైగా ఆ సాయం గడువు 1980లో 36 నెలలు, 1982లో 18, 1991కి 8, తర్వాత మళ్ళీ 12 చేసి ఇప్పుడు 4. పాపం వాళ్ళ విమానం టికెట్టు కూడా అప్పే, వడ్డీ లేకపోయినా నెలనెలా కట్టాలి, అంటే దిగీదిగగానే నెత్తిమీద బాకీ ఉన్నవాళ్ళు వీళ్ళు, ఊరికే కూర్చుందామని ఎవరనుకుంటారు? నాలుగు నెలల్లో దొరికేది మాంసం ప్యాకింగ్ ప్లాంటో, హోటల్లో గదులు శుభ్రం చేసే పనో. తన దేశంలో నర్సుగా చేసినావిడ కూడా అందులోకే. షిఫ్టంతా చల్లటి హాల్లో కత్తి పట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి లైసెన్స్ పరీక్షకి ఇంగ్లీష్ చదవమంటే ఎన్నాళ్ళు చదవగలదు చెప్పండి. ఆవిడ వెల్ఫేర్ లెక్కలోంచి పోతుంది నిజమే, కానీ ఆసుపత్రికి నర్సూ రాదు, గవర్నమెంటుకి ఆ స్థాయి జీతం మీద పన్నూ రాదు.

గట్టుమీద:
మ్యాచింగ్ గ్రాంట్ అని ఇంకో ప్రోగ్రామ్ ఉంది, అందులో చేరితే నగదు వెల్ఫేర్ తీసుకోకూడదు, బదులుగా 240 రోజులు ఉద్యోగం వెతకడం, ఇంగ్లీష్, అద్దెకి సాయం చూస్తారు, ఖర్చులో కొంత శరణార్థులకి సాయపడే సంస్థలే విరాళాలతో పెట్టుకోవాలి. మంచిదే. కానీ అక్కడా చూసేది గడువులోపు కుటుంబం తన ఖర్చు తను భరిస్తోందా అనేదే, ఎలాంటి ఉద్యోగం అనేది కాదు.

తూనిక:
సరే, నర్సు సంగతి ఒప్పుకుంటా. మరి చదువే లేనివాళ్ళకి ఏళ్ళ తరబడి క్లాసులెందుకు? పనిలో ఉంటేనే భాష వస్తుంది.

వెన్నెలబాట:
ఆ ప్లాంట్లలో పక్కనున్నవాళ్ళు కూడా చాలాసార్లు ఇంగ్లీష్ రానివాళ్ళేనండీ, పైగా ఆ మెషీన్ల మోతలో మాటలెక్కడ. ఉద్యోగం మొదటి నెలలోనే ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు, కానీ డ్యూటీ టైములోనే రోజుకో గంట క్లాసు పెట్టి ఆ గంటకి జీతం గవర్నమెంటు ఇవ్వాలి. నాలుగు నెలలకి చెక్కు ఆపేసినా అప్పుడు నేను గొడవ చెయ్యను.