లెనిన్ సెంటర్‌లో కొన్న అసిమోవ్ 'గోల్డ్': మొదటి కథకి చివరి కాగితం లేదు, ఎవరి దగ్గరైనా ఉందా?

కాలవగట్టు:
మొన్న ఆదివారం విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు తిరగేస్తుంటే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 'గోల్డ్' దొరికింది. 150 చెప్పాడు, బేరమాడితే 100కి ఇచ్చాడు. 1992 ఏప్రిల్‌లో అసిమోవ్ పోయాక, 1995లో వేసిన సంపుటి ఇది. ముందు కథలు, తర్వాత వ్యాసాలు. రోబో కథలు నాలుగైదు తప్ప ఆయనవి నేనేమీ చదవలేదు.

గుంటూరు పాసింజర్లో మొదటి కథ 'కాల్' మొదలుపెట్టాను. ఒక పేరున్న రచయిత ఇంట్లో పనిచేసే రోబోకి తనూ కథలు రాయాలన్న పిచ్చి పుడుతుంది. మొదట్లో అది కొట్టేదంతా ఉత్త అక్షరాల గుట్ట, ఆ తర్వాత దానికి మాటలు నేర్పిస్తారు, హాస్యం నేర్పిస్తారు, చివరికి యజమాని కంటే బాగా రాసేస్తుంది. ఆయనకి ఒళ్ళు మండి, నేర్పించినదంతా తీసేయమని టెక్నీషియన్‌కి చెప్తుంటే రోబో వింటుంది. సరిగ్గా అక్కడ, మంగళగిరి దాటాక, పేజీ తిప్పితే రెండో కథ! ఎవరో బ్లేడుతో కోసినట్టున్నారు, అతుకు దగ్గర గోరంత వెడల్పున అంచు మాత్రం మిగిలింది. కొట్టతన్ని అనడానికి లేదు, ఆయన కట్టలకి కట్టలు కొంటాడు, ప్రతి పేజీ తిప్పి చూస్తాడా ఏంటి.

రెండు అడగాలి. ఒకటి, రోబో ఏం చేసింది? రెండు, మా బాబాయ్ 'మనిషి పోయాక వేసే పుస్తకాలన్నీ గిన్నె అడుగు గీకినవేరా' అంటున్నాడు. నిజమేనా? మిగతాది చదవాలా, పక్కన పెట్టేయాలా?

నాలుగోలైను:
మీ బాబాయ్ గారు చెప్పింది కొన్ని పుస్తకాలకి నిజమేనండి. మన దగ్గర కూడా రచయిత పోగానే సొరుగులో దొరికిన చీటీలు, ఎవరికో రాసిచ్చిన ముందుమాటలు కలిపి సమగ్ర సాహిత్యం అని వేసేస్తారు కదా. ఇది అలాంటిది కాదు. ఇందులో కథలు చాలావరకు ఆయన బతికుండగానే పత్రికల్లో వచ్చినవే. పుస్తకానికి పేరిచ్చిన కథ 'గోల్డ్'కి 1992లో హ్యూగో (సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే పెద్ద బహుమతి) కూడా వచ్చింది.

అన్నీ గొప్పవి అని మాత్రం చెప్పను. కొన్ని రెండు మూడు పేజీల్లో అయిపోయే చమత్కారాలు, బస్సు దిగేలోపు మర్చిపోతాం. నాకు నిలబడినవి మూడే: కాల్, గోల్డ్, 'ఫాల్ట్-ఇంటాలరెంట్'. ఈ మూడోది చిన్నదే, ఒక రచయిత కొత్త వర్డ్ ప్రాసెసర్ కొంటాడు, అది ముందు స్పెల్లింగులు దిద్దుతుంది, తర్వాత వాక్యాలు దిద్దుతుంది, తర్వాత ఇక ఆయన అవసరమే లేకుండా పోతుంది. ఇది 1990 నాటి కథ. ఇప్పుడు నా ఫోన్ నేను టైప్ చేయకముందే తర్వాతి మాట చూపిస్తుంటే నాకు అదే గుర్తొస్తుంది.

'గోల్డ్' కథ మీకు ఇంకా నచ్చొచ్చు. కంప్యూటర్‌తో నాటకాలు తయారుచేసే దర్శకుడి దగ్గరికి ఒక రచయిత వచ్చి, తన నవలని నాటకం చేయమని బంగారం ఇస్తానంటాడు. ఆ నవలలో ముఖ్యమైన పాత్రలు మనుషులు కావు, వాటిని తెరమీద ఎలా చూపించాలన్నదే దర్శకుడి తలనొప్పి. ఆ 'నవల' నిజానికి అసిమోవ్ సొంత నవల 'ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్' (1972), పేరు మార్చి పెట్టుకున్నాడు. తన పుస్తకాన్ని ఎవరైనా సరిగ్గా తీస్తే బాగుండునన్న కోరిక తీర్చుకున్నట్టుంటుంది.

సస్పెన్స్_వద్దు:
ఇంత చెప్పారు గానీ ఆయన అడిగింది చెప్పలేదు. రోబో యజమానిని చంపేయాలని నిర్ణయించుకుంటుంది బ్రో. మనిషికి హాని చేయకూడదు అన్నది దాని మొదటి సూత్రం, అయినా సరే. అంతే కథ.

మాస్టారు_గుంటూరు:
అయ్యా, అంతే కాదు. చంపడం ఎవరైనా రాస్తారు, ఎందుకు అన్నదే కథ, అది చివరి వాక్యంలో ఉంది, ఆ వాక్యం నేను చెప్పను. రోబోలు మనిషికి హాని చేయకూడదన్న సూత్రం పెట్టినవాడే, యాభై ఏళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి కథలు రాసినవాడే, చివర్లో ఇంత చిన్న కోరిక కోసం దాన్ని తెంచేశాడు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు జలదరించింది.

కాలవగట్టు గారూ, వ్యాసాలు వదిలేయకండి. నన్నడిగితే ఈ పుస్తకానికి డబ్బులు వాటికే. ప్లాట్ మీద, పాత్రల పేర్ల మీద, తిరగరాయడం మీద, ఆఖరికి పుస్తక సమీక్షల మీద కూడా రాశాడు. బడాయి ఉంటుంది, ఆయన వ్యాసాల్లో అది ఎప్పుడూ ఉండేదే. కానీ దాచుకోకుండా చెప్తాడు. కథ ఎలా అల్లుతావు అంటే, ముందు సమస్య ఏంటో, అది ఎలా తేలుతుందో ఆలోచించి పెట్టుకుంటాను, మధ్యదంతా రాసుకుంటూ పోతూనే కనిపెడతాను అంటాడు. నేను ఇరవై ఏళ్ళు పిల్లలకి వ్యాసరచన చెప్పాను, ఇంత సూటిగా ఒక్కసారీ చెప్పలేకపోయాను. వ్యాసాలయ్యాక మళ్ళీ 'కాల్' చదవండి, ఆ రోబో పడే పాట్లన్నీ కొత్తగా రాసేవాళ్ళు పడేవే.

నాలుగోలైను:
ఈ మాట మాత్రం మాస్టారితో ఒప్పుకోను. వ్యాసాలు ఒకదాని వెంట ఒకటి చదివితే విసుగొస్తుంది, అవి చాలావరకు ఆయన పేరుతో వచ్చే పత్రికకి రాసిన సంపాదకీయాలు, నెలకొకటి చదవడానికి రాసినవి. రోజుకొకటి చాలు.

కాలవగట్టు:
అందరికీ థ్యాంక్స్. సస్పెన్స్ గారి మీద కోపం లేదు, అడిగింది నేనే, కానీ ఇప్పుడు ఆ చివరి వాక్యం కోసం నిద్ర పట్టదు. మాస్టారూ, గురువారం గుంటూరులో పనుంది, మీ పుస్తకంలో ఆ ఒక్క కాగితం జిరాక్స్ తీసుకోవచ్చా?

మాస్టారు_గుంటూరు:
రండి. బ్రాడీపేటలో టీ తాగుదాం. మీ పుస్తకం కూడా తెచ్చుకోండి, ప్రింటు వేరైతే పేజీలు కలవవు, మీది ఎక్కడ ఆగిందో చూసి అక్కడి నుంచి తీద్దాం.