బెంగళూరు యాపిల్: పూత వస్తోంది, పిందె నిలవట్లేదు. ఏం చేయాలి?

దొడ్డబళ్లాపురం తోట:

అందరికీ నమస్కారం. దొడ్డబళ్లాపురం దాటాక మాకు ఇరవై గుంటల ఎర్రనేల ఉంది. బోరు ఉంది, డ్రిప్ వేశాం. మూడేళ్ల కిందట పద్నాలుగు యాపిల్ అంట్లు తెచ్చి పెట్టాను. పది అన్నా (రకం పేరండీ, ఎవర్నీ పిలవట్లేదు), రెండు హెచ్‌ఆర్‌ఎంఎన్-99, మిగతా రెండూ 'అసలు కాశ్మీరు యాపిల్' అని చెప్పి మాకు అంటగట్టినవి. వాటి చీటీ మీద రెడ్ డెలిషియస్ అని ఉంది.

అన్నా చెట్లు ఏడడుగులు అయ్యాయి. పోయిన ఫిబ్రవరిలో ఒక కొమ్మకు పూత వచ్చింది, మార్చిలో ఇంకో కొమ్మకు, జూలైలో మళ్లీ నాలుగు పూలు. పిందెలు గోలీ అంత అయ్యాక రాలిపోయాయి. మొత్తం మీద మూడు కాయలు నిలిచాయి, అందులో ఒకటి చిలుక తింది. కాశ్మీరువి రెండూ కొమ్మ చివర గుప్పెడు ఆకులు పెట్టుకుని అలాగే ఉన్నాయి. ఒక హెచ్‌ఆర్‌ఎంఎన్ చెట్టుకు మాత్రం మొదట్లోంచి లేచిన కొమ్మ తొమ్మిదడుగులు పెరిగింది. దాన్ని చూసి మా ఆయన తెగ మురిసిపోతున్నారు.

ఇప్పుడు నవంబరు. ఒక్క ఆకూ రాలలేదు, చెట్లన్నీ పచ్చగా ఉన్నాయి. అనంతపురం నుంచి వచ్చిన మామయ్యగారు చూసి, 'హాయిగా చీనీ (బత్తాయి) పెట్టుకోక ఈ టెన్షన్ ఎందుకమ్మా' అంటున్నారు. చెట్లు తీసేయాలా, ఇంకేమైనా దారి ఉందా?

మేడ మీద మొక్కలు:

చలి చాలక అలా అవుతుంది. డిసెంబరులో వారానికి రెండుసార్లు మొదట్లో ఐసు ముక్కలు వేయండి. వీడియోలో చూశాను, కుండీలో బాగా పనిచేసిందట.

యలహంక బాబాయి:

ఐసు సంగతి వదిలేయండమ్మా. చలిని లెక్కపెట్టుకునేది కొమ్మ మీది మొగ్గ, వేరు కాదు. కాళ్ల దగ్గర ఐసు పెడితే తలకు చలెలా తెలుస్తుంది?

యాపిల్ చలిదేశపు చెట్టు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏడు డిగ్రీల లోపు చలి ఇన్ని గంటలు గడిచిందని మొగ్గకు నమ్మకం కుదిరితేనే లేస్తుంది. రెడ్ డెలిషియస్‌కు వెయ్యి గంటల దాకా కావాలి. అన్నాకు రెండు మూడు వందలు చాలంటారు. మరి మన ఊళ్లో? బెంగళూరు రికార్డుల్లోనే అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. అంటే ఆ లెక్కన మనకు ఒక్క గంట కూడా జమ కాలేదు. మీ కాశ్మీరు చెట్లు కొమ్మ చివర గుప్పెడు ఆకులతో ఆగిపోవడానికి కారణం ఇదే. జబ్బేమీ లేదు, నిద్ర తీరలేదు.

అయితే బెంగళూరుకు యాపిల్ కొత్తేమీ కాదు. లాల్‌బాగ్ తోటకు 1874 నుంచి పెద్ద అధికారిగా ఉన్న జాన్ కామెరాన్ బయటి దేశాల మొక్కలు ఎన్నో తెప్పించాడు. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయ కూడా అలా వచ్చిందే. ఒకప్పుడు ఈ ఊళ్లో రోమ్ బ్యూటీ అనే రకం యాపిల్ తోటలు ఉండేవి. పాత రకం కావాలని మీకు మనసుంటే, ఈ ఊరి పాత రకం అది, రెడ్ డెలిషియస్ కాదు.

చలి లేని చోట దాన్నెలా కాయించారంటే, ఇప్పటికీ కాయిస్తున్న ఊరు ఒకటుంది. ఇండోనేసియాలోని జావా ద్వీపంలో మలంగ్ పక్కన బాటూ. అక్కడ చలికాలమే లేదు. అయినా రోమ్ బ్యూటీ, అన్నా రెండూ ఏడాదికి రెండు కాపులు కాస్తాయి. వాళ్లు చేసేదల్లా, కాయ కోసిన నెల రోజులకు చెట్టు మీది ఆకంతా చేత్తో దూసేస్తారు. చెట్టు గాఢ నిద్రలోకి పోకముందే ఆకు పోయేసరికి మొగ్గలన్నీ ఒకేసారి లేస్తాయి. ఆకు రాల్చడం చలి పని. చలి రాకపోతే ఆ పని మనం చేయాలి. మీ పూత ఫిబ్రవరిలో కొంత, జూలైలో కొంత రావడం కూడా ఇందుకే. చెట్టును ఎవరూ నిద్రపుచ్చలేదు, ఎవరూ లేపలేదు.

మీ మామయ్యగారిని చీనీకి నీళ్లు ఎందుకు ఆపుతారో అడగండి. బెట్ట పెట్టి, ఆకు వాడాక నీళ్లు వదిలితే పూత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. మీకు కావాల్సిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు.

రెండు ప్రశ్నలు. రాలిన పిందెను ఎప్పుడైనా కోసి చూశారా? ఎరువేం వేస్తున్నారు?

దొడ్డబళ్లాపురం తోట:

బాబాయ్ గారూ, మామయ్యగారికి ఇది చదివి వినిపించాను. 'ఆకు దూయడమా!' అని ముందు నవ్వారు. తర్వాత లేచి వెళ్లి చెట్ల చుట్టూ రెండుసార్లు తిరిగారు.

ఏప్రిల్‌లో రాలిన పిందెను కోసి తీసిన ఫోటో ఫోన్‌లో దొరికింది. అడ్డంగా కోశాను. ఐదు గదుల్లో నిండుగా ఉన్న గింజలు రెండే, అవి కూడా ఒకే పక్క. కాయ ఆ పక్క ఉబ్బి ఉంది, రెండో పక్క నొక్కుకుపోయి ఉంది. పురుగు లేదు. ఎరువు అంటే, నెలనెలా కోళ్ల ఎరువు వేస్తున్నాం.

యలహంక బాబాయి:

అదే అనుకున్నాను. ఐదు గదులు, గదికి రెండేసి, మొత్తం పది గింజలు ఉండాలి. మీకు రెండే వచ్చాయంటే పుప్పొడి అందలేదన్నమాట. గింజ లేని పక్క కాయ ఎదగదు, గింజలు మరీ తక్కువైతే చెట్టే వదిలించుకుంటుంది. పది చెట్లున్నా అన్నీ అన్నాలే, ఒకే చెట్టు ముక్కలు. అన్నా పువ్వుకు వేరే రకం పుప్పొడి కావాలి. హెచ్‌ఆర్‌ఎంఎన్ పూయనే లేదు. ఇక సంబంధం ఎలా కుదురుతుంది?

కోళ్ల ఎరువు ఆపేయండి. ఆ ఊపుకు ఆకులే వస్తాయి, పూత రాదు.

నర్సరీ తమ్ముడు:

అక్కా, ముందు ఆ తొమ్మిదడుగుల కొమ్మ సంగతి. అంటు ముడి చూశారా? మొదట్లో వంకరగా, కాస్త లావుగా ఉంటుంది. కొమ్మ దాని కింద నుంచి వచ్చి ఉంటే అది హెచ్‌ఆర్‌ఎంఎన్ కాదు, అంటు కట్టడానికి అడుగున వాడిన వేరుమొక్క. సారంతా అదే లాగేస్తోంది. మట్టి కొంచెం తీసి, పుట్టిన చోటు దాకా వెళ్లి కోసేయండి. పైపైన కోస్తే నాలుగై లేస్తుంది. బావగారికి బాధగా ఉంటే ఒక ముచ్చట చెప్పండి. రోమ్ బ్యూటీ పుట్టిందే అలా. రెండు వందల ఏళ్ల కిందట అమెరికాలోని ఒహాయోలో, అంటు కింద నుంచి లేచిన పిలకను పనికిరాదని పక్కన పెడితే, ఇంటి కుర్రాడు నది ఒడ్డున నాటాడట. అదే అంత పేరున్న రకమైంది. అలాగని మీరు ఆశ పెట్టుకోకండి, వేలల్లో ఒక్కటి అలా అవుతుంది.

అన్నాకు జోడీ డార్సెట్ గోల్డెన్. అన్నా ఇజ్రాయెల్‌లో ఐన్ షెమెర్ అనే కిబ్బుట్జ్‌లో (ఉమ్మడి సేద్యం చేసే ఊరు) పుట్టింది, డార్సెట్ బహామాస్ దీవుల్లో ఒకరి పెరట్లో గింజ నుంచి మొలిచింది. రెండిట్లోనూ గోల్డెన్ డెలిషియస్ రక్తమే. అయినా ఒకదానికొకటి బాగా నప్పుతాయి, పూత సమయం కలుస్తుంది. కొత్తగా చెట్టు పెట్టి మూడేళ్లు ఆగక్కర్లేదు. జనవరిలో పెన్సిలంత డార్సెట్ పుల్లలు తెప్పించి, మూడు నాలుగు అన్నా చెట్లకు ఒక్కో కొమ్మ చీల్చి అంటు కట్టి ప్లాస్టిక్ చుట్టేయండి. ఈ ఏడాదికైతే డార్సెట్ ఉన్నవాళ్ల దగ్గర పూతకొమ్మ అడిగి, బకెట్ నీళ్లలో పెట్టి చెట్ల మధ్య ఉంచండి. మిగతా పని తేనెటీగలు చూసుకుంటాయి. ఆ పది రోజులూ మందు మాత్రం కొట్టొద్దు.

హెచ్‌ఆర్‌ఎంఎన్‌ను తీసేయకండి. హిమాచల్‌లో బిలాస్‌పూర్ జిల్లా పనియాలా ఊళ్లో, పెద్దగా చలిలేని కింది కొండల్లో హరిమన్ శర్మ గారు పట్టిన రకం అది. 2025లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మన తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరాలో కూడా కాసింది. పిలక తీసేస్తే మీ చెట్టు కూడా తేరుకుంటుంది.

రెడ్ డెలిషియస్ మాత్రం ఇక్కడ పూయదు. సిమ్లా దగ్గర కోట్‌గఢ్‌లో 1916లో అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన స్టోక్స్ దొర నాటి, హిమాచల్ రాత మార్చిన చెట్టది. దాని గొప్ప దానిదే, కానీ దాని ఊరు అది. అయినా ఆ రెండు చెట్ల వేళ్లు పాడు కాలేదు కదా. మోకాలెత్తులో నరికి డార్సెట్ అంటు కట్టేయండి.

చిక్కబళ్లాపుర ద్రాక్ష:

మా వైపు ద్రాక్షకు డార్మెక్స్ అనే మందు పూస్తాం, మొగ్గలు టకటకా లేస్తాయి. యాపిల్‌కూ పనిచేస్తుంది. వాడొచ్చు కదా?

యలహంక బాబాయి:

పనిచేస్తుంది తమ్ముడూ, కాదనను. కానీ అది విషం. చర్మానికి తగిలితే కాలుతుంది. పూసిన రోజు సాయంత్రం ఒక పెగ్గు వేస్తే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడుతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. మీకు అలవాటున్న పని, తొడుగులు మాస్కు ఉంటాయి. వీళ్లు వారాంతం తోటవాళ్లు, పద్నాలుగు చెట్లకు పది వేళ్లు చాలు.

అమ్మాయీ, ఇక పని చెప్తాను. నవంబరు వానలు ఆగాక డ్రిప్ ఆపేయండి. ఎర్రనేల తొందరగా ఆరుతుంది, మూడు వారాలకు ఆకు మెరుపు తగ్గుతుంది. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే బెట్ట సరిపోయినట్టు. ఉదయం కూడా వాడి ఉంటే ఎక్కువైనట్టు, ఒక తడి ఇవ్వండి. ఈలోగా నిటారుగా పోయే కొమ్మల్ని తాడు కట్టి, పక్కకు వంచి, మేకుకు బిగించండి. అడ్డంగా పడుకున్న కొమ్మకే పూమొగ్గలు ఎక్కువ.

డిసెంబరు చివరి వారంలో ఆకు దూయండి. ప్రతి ఆకు మొదట్లో బియ్యపుగింజంత మొగ్గ ఉంటుంది. ఆకును కిందికి లాగితే బెరడు చీలి ఆ మొగ్గ కూడా ఊడి వస్తుంది. కొమ్మ చివరి వైపు నెట్టినట్టు తీయాలి. చేయి కుదరకపోతే కత్తెరతో తొడిమ వదిలి కోయండి, తొడిమ దానంతటదే రాలుతుంది. సగం ఆకు వదిలేస్తే సగం పూతే వస్తుంది, జాలిపడకండి. తర్వాత ఎండు పుల్లలు, ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మలు తీసేసి, పశువుల ఎరువు వేసి, నీళ్లు నిండుగా వదలండి. మూడు నాలుగు వారాల్లో పూత. మేలో, మహా అయితే జూన్ మొదట్లో కాయ చేతికొస్తుంది.

ఒక్కటి ముందే చెప్తున్నా. ఎర్రగా నిగనిగలాడే కాయ రాదు. రాత్రుళ్లు చల్లగా ఉంటేనే ఆ రంగు. మన ఏప్రిల్ రాత్రులకు పసుపు మీద కాస్త ఎరుపు జీర వస్తే గొప్ప. కాయ నిలవ కూడా ఉండదు, వారం పది రోజుల్లో తినేయాలి.

మల్లేశ్వరం మామ్మ:

తినేదాకా ఎందుకు, పచ్చిగా ఉన్నప్పుడే కోసి పప్పులో వేసుకోండి. మామిడికాయ రాకముందు పులుపుకు బాగుంటుంది. మా అత్తగారి రోజుల్లో పెరట్లో ఒక చెట్టు ఉండేది, పిల్లలు పడేసిన పుల్లకాయలన్నీ పచ్చడికే పోయేవి.

దొడ్డబళ్లాపురం తోట:

అందరికీ మళ్లీ నమస్కారం. ఫిబ్రవరి మొదటి వారం కదా, జరిగింది చెప్దామని.

ఆకు మామయ్యగారే దూశారు. ఒక చెట్టు చూపిస్తే చాలన్నాను, పదీ ఆయనే చేశారు. రెండు రోజులు చెట్లన్నీ మోడులై నిలబడ్డాయి. చూడలేక నేనే బయటికి వెళ్లలేదు. ఇరవై మూడో రోజు పొద్దున ఫోన్ చేసి, 'అమ్మాయీ, దూది పెట్టినట్టుంది' అన్నారు. మొగ్గ కొస బూడిదరంగు నూగుతో ఉబ్బింది, లోపల గులాబీరంగు కనిపిస్తోంది. ఇప్పుడు ఎనిమిది చెట్లు ఒకేసారి పూతలో ఉన్నాయి. నర్సరీ తమ్ముడు చెప్పినట్టు బకెట్లో డార్సెట్ కొమ్మలు పెట్టాం. కట్టిన ఆరు అంట్లలో నాలుగు పచ్చగా ఉన్నాయి. పిలక కోసేశాం, మా ఆయన ఆ రోజు తోటకు రాలేదు.

ఇప్పుడు సందేహం ఏమిటంటే, ముందు పూసిన గుత్తుల్లో ఐదేసి పిందెలు కనిపిస్తున్నాయి. అన్నీ ఉంచాలా?

యలహంక బాబాయి:

ఉంచకూడదు. ఉలవగింజంత ఉన్నప్పుడు సహజంగా రాలేవి రాలనివ్వండి. గోలీ అంత అయ్యాక గుత్తికి ఒకటే ఉంచి మిగతావి తుంచేయండి. సాధారణంగా మధ్య పువ్వు ముందు విచ్చుకుంటుంది, దాని పిందే పెద్దదవుతుంది. చిలుకలకు ఒక్కో కాయకూ గుడ్డ సంచి కట్టండి.

దొడ్డబళ్లాపురం తోట:

మామయ్యగారు ఒక్క పిందెను కూడా ముట్టుకోనివ్వట్లేదు బాబాయ్. 'నిలబెట్టింది నేను, తుంచేది మీరా' అంటున్నారు.

యలహంక బాబాయి:

రెండు చెట్లు ఆయన పేరున వదిలేయండి. వాటికి కొమ్మ విరగకుండా వెదురుకర్ర ఊతం మాత్రం పెట్టండి. మేలో ఆయన కాయలూ మీ కాయలూ ఒకే తట్టలో పోసి ఫోటో పెట్టండి.