క్లోరోప్లాస్ట్ చెట్టు ఒకటి చెబుతోంది, మొక్క ఇంకొకటి చెబుతోంది. మీకూ ఇలా వచ్చిందా?

పచ్చనాకు
ఒకే ప్రజాతికి చెందిన రెండు అడవి జాతుల క్లోరోప్లాస్ట్ (ఆకుల్లో ఆహారం తయారుచేసే పచ్చని కణభాగం) జీనోమ్‌లు, అంటే దాని మొత్తం డీఎన్ఏ వరసలు, ముక్కల నుంచి అసెంబుల్ చేశాను. పువ్వు, కాయ చూస్తే రెండూ వేరని ఎవరైనా చెప్పేస్తారు. వాటితో చెట్టు (వంశవృక్షం) గీస్తే మాత్రం జాతిని బట్టి కాకుండా చోటును బట్టి గుంపులు వస్తున్నాయి. ఒకే లోయలోని రెండు జాతులూ పక్కపక్కన చేరాయి, కొండకు అవతలి వైపు మొక్కలు అదే జాతివైనా దూరంగా పడ్డాయి. బూట్‌స్ట్రాప్ (ఒక్కో కొమ్మను డేటా ఎంత గట్టిగా సమర్థిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) దాదాపు అన్ని కొమ్మల మీదా 100. ఈ చెట్టును నమ్మాలా? ఇంకొకటి, ఒక శాంపిల్‌లో చిన్న సింగిల్ కాపీ భాగం (జీనోమ్‌లో ఒకే ప్రతిగా ఉండే రెండు భాగాల్లో చిన్నది) తిరగబడి ఉంది. అది నిజమైన తేడాయేనా? ఇలాంటివి ఎదురైనవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

కాంటిగ్
రెండో ప్రశ్నకు ముందు జవాబు. కంగారు పడకండి, అది తేడా కాదు. చాలా నేల మొక్కల క్లోరోప్లాస్ట్ జీనోమ్‌లో ఒకే వరస రెండు ప్రతులుగా, ఎదురెదురు దిశల్లో ఉంటుంది. వాటి మధ్యన ఒక వైపు పెద్ద సింగిల్ కాపీ భాగం, ఇంకో వైపు చిన్నది. ఆ రెండు ప్రతులూ ఒకదానితో ఒకటి రీకాంబినేషన్ చేసుకుంటాయి (ముక్కలు మార్చుకుంటాయి) కాబట్టి ఒకే మొక్కలో రెండు దిశలూ కనిపిస్తాయి. 1983లోనే శాస్త్రవేత్త జెఫ్రీ పామర్ బీన్స్ మొక్కలో ఇది చూపించారు. సాఫ్ట్‌వేర్ రెండిట్లో ఏదో ఒకటి ఇస్తుంది, అంతే. అలైన్ చేసే (వరసలను పక్కపక్కన పేర్చి పోల్చే) ముందు అన్నిటినీ ఒకే దిశకు తిప్పండి. లేకపోతే వేల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) తప్పు జాగాలో కూర్చుంటాయి.

ఓక్ నీడ
మొదటి ప్రశ్న మీద నాకు చెప్పాల్సింది చాలా ఉంది. నేను కూడా ఇదే చూశాను, అప్పట్లో గైడ్ మొదట శాంపిళ్లు కలిసిపోయాయనే అనుమానించారు. మీరూ ముందు అది తేల్చుకోండి. హెర్బేరియం షీట్లతో (ఎండబెట్టి దాచిన మొక్కల నమూనాలతో) సరిపోల్చి, ఒకటిరెండు మొక్కల నుంచి మళ్లీ డీఎన్ఏ తీయండి. అది సరిగ్గా ఉంటే మీరు చూస్తున్నది బహుశా క్లోరోప్లాస్ట్ క్యాప్చర్, అంటే ఒక జాతి క్లోరోప్లాస్ట్ ఇంకో జాతిలోకి చేరడం.

పూల మొక్కల్లో ఎక్కువ భాగం క్లోరోప్లాస్ట్ తల్లి మొక్క నుంచే వస్తుంది. ఒక జాతి అండాన్ని పక్క జాతి పుప్పొడి ఫలదీకరిస్తే హైబ్రిడ్ పుడుతుంది. దాని మీద తరతరాలుగా ఆ పక్క జాతి పుప్పొడే పడుతూ పోతే కేంద్రక జన్యువులన్నీ దాదాపుగా మారిపోతాయి. పువ్వు మారుతుంది, కాయ మారుతుంది. క్లోరోప్లాస్ట్ మాత్రం ఆ మొదటి తల్లిదే. యూరప్ తెల్ల ఓక్‌లలో ఇది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. మంచుయుగంలో ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్), ఇటలీ, బాల్కన్ ప్రాంతాల్లో మిగిలిన ఓక్‌లు తర్వాత ఉత్తరానికి పాకాయి. ఇవాళ ఒక అడవిలో పక్కపక్కనున్న వేర్వేరు ఓక్ జాతులకు తరచూ ఒకే క్లోరోప్లాస్ట్ రకం ఉంటుంది. అది జాతి పేరు కన్నా వచ్చిన దారినే ఎక్కువ చెబుతుంది.

బూట్‌స్ట్రాప్ 100 సంగతి కూడా ఇక్కడే ఉంది. క్లోరోప్లాస్ట్ జీనోమ్ మొత్తం ఒకే ముక్కగా వారసత్వంగా వస్తుంది. అందులో లక్షన్నర బేస్‌లు ఉన్నా చరిత్ర విషయంలో సాక్షి ఒక్కటే. ఇంటిపేరు ఒక్కదాన్ని పట్టుకుని వంశవృక్షం మొత్తం గీయలేం కదా, ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ తల్లి వైపు. మీ చెట్టు తప్పు కాదు. అది క్లోరోప్లాస్ట్ చెట్టు, జాతుల చెట్టు కాదు.

నాచుమొక్క
ఓక్ నీడ గారితో ఏకీభవిస్తూనే ఒక మాట. ఇది చదివి కొత్తవాళ్లు క్లోరోప్లాస్ట్‌ను పక్కన పడేస్తారేమోనని నా బాధ. పెద్ద కొమ్మల దగ్గర అది చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1987లో జాన్సెన్, పామర్ పొద్దుతిరుగుడు కుటుంబంలో సుమారు 22 వేల బేస్‌ల ముక్క తిరగబడి ఉందని చూశారు. దక్షిణ అమెరికాకు చెందిన బర్నడేసియా అనే మొక్క, దాని బంధువుల్లో మాత్రం అది లేదు. వేల జాతులున్న ఆ కుటుంబంలో మొదట విడిపోయిన కొమ్మ ఏదో ఆ ఒక్క మార్పుతో తెలిసింది. బఠానీ, శనగ, అల్ఫాల్ఫా ఉన్న గుంపులోనైతే కాంటిగ్ గారు చెప్పిన రెండు ప్రతుల్లో ఒకటి పూర్తిగా పోయింది. ఇలాంటివి మళ్లీ మళ్లీ జరిగేవి కావు, అందుకే వాటికి అంత విలువ.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది తామర కథ. చూపుకు అది కలువకు చుట్టం. 1993లో ఆర్‌బీసీఎల్ (rbcL) అనే క్లోరోప్లాస్ట్ జన్యువుతో దాదాపు 500 విత్తన మొక్కలను పోల్చిన పెద్ద అధ్యయనం వచ్చింది. ఇలాంటి పోలికల్లో తామర వెళ్లి చినార్ చెట్ల పక్కన చేరింది. కేంద్రక జన్యువులు కూడా తర్వాత అదే చెప్పాయి. కళ్లు చెప్పిన దానికి డీఎన్ఏ ఎదురు చెప్పిన ప్రతిసారీ క్యాప్చర్ అనుకోకూడదు.

పాత షీట్లు
పాత హెర్బేరియం నమూనాలు దొరికితే వదలకండి. ఒక్కో ఆకు కణంలో క్లోరోప్లాస్ట్ జీనోమ్ ప్రతులు వందలు, వేలు ఉంటాయి కాబట్టి డీఎన్ఏ ముక్కలైపోయినా అసెంబుల్ అవుతుంది.

పచ్చనాకు
అందరికీ ధన్యవాదాలు. దిశ సరిచేశాను, డీఎన్ఏ మళ్లీ తీశాను. క్లోరోప్లాస్ట్ చెట్టు మారలేదు. కేంద్రకంలోని ఐటీఎస్ (ITS) అనే డీఎన్ఏ ముక్క మాత్రం చక్కగా జాతిని బట్టే విడదీసింది! ఇప్పుడు క్యాప్చర్ అని రాసేయవచ్చా? డీఎన్ఏ బార్‌కోడ్ (జాతిని గుర్తుపట్టడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్క) సంగతేమిటి?

ఓక్ నీడ
చాలా సంతోషం. కానీ ఇంకొక అవకాశం మిగిలే ఉంది. రెండు జాతులూ విడిపోక ముందు పూర్వీకుల్లో ఉన్న క్లోరోప్లాస్ట్ రకాలు రెండిట్లోనూ అలాగే మిగిలిపోయి ఉండవచ్చు. అలాగైతే పోలికలు చోటును బట్టి ఇంత చక్కగా పొసగవు, కాబట్టి మీ లోయ సంగతి క్యాప్చర్ వైపే మొగ్గుతోంది. ఐటీఎస్ కూడా ఒక్క సాక్షే, అందుకని కేంద్రకం నుంచి మరికొన్ని జన్యువులు కలపండి. పేపర్లో రెండు చెట్లనూ ఎదురెదురుగా ఒకే బొమ్మలో ఇవ్వండి.

బార్‌కోడ్ గురించి: 2009లో నేల మొక్కలకు ప్రధాన బార్‌కోడ్‌గా సూచించిన ఆర్‌బీసీఎల్, మ్యాట్‌కే (matK) జన్యువులు రెండూ క్లోరోప్లాస్ట్‌వే. మీ గుంపులో అవి జాతి పేరు చెప్పలేవు, ఆ మాట పేపర్లో స్పష్టంగా రాయండి. వీలైతే ఈసారి కొండ పైభాగంలో, రెండు జాతులూ కలిసే చోట మొక్కలు సేకరించండి. హైబ్రిడ్లు ఇప్పటికీ పుడుతున్నాయా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.