కూర్చుంటే ఛాతీ కవచం గడ్డానికి తగులుతోంది, భుజాలు జారుతున్నాయి: ఫిట్టింగు ఎట్ల సరిచేయాలి?

కేసీకెనాల్_గట్టు (కర్నూలు)

అన్నలకు, అక్కలకు నమస్తే. రాజుల సినిమాలో సేనాపతి వేసుకున్న కవచం తెర మీద ఎట్లుందో అట్లే రావాలని ఈవీఏ ఫోముతో (వేడికి వంగే మెత్తటి రబ్బరు లాంటి షీటు) చేస్తున్నా. ఛాతీ, వీపు 10 మి.మీ. షీటు. భుజాలు, ముంజేతులు, పిక్కలు 6 మి.మీ. మీద అతికించిన లతలు, మకరముఖాలు 2 మి.మీ. నమూనా కాగితాలు 188 సెం.మీ. మనిషికి గీసినవి. నా ఎత్తు 168, కాబట్టి అన్నిటినీ 89 శాతానికి తగ్గించి ప్రింటు తీసినా. నా ఛాతీ చుట్టుకొలత 91 సెం.మీ., నమూనాలో ఆ చోట 116.

ఇప్పుడున్న ఇబ్బందులు ఇవి. నిలబడితే బాగుంది, కూర్చుంటే ఛాతీ పలక పైకి లేచి గడ్డానికి తగులుతుంది. రెండు చేతులూ ముందుకు చాపితే చంకల్లో కోసుకుంటుంది. భుజం పలకలు నాలుగడుగులు వేసేసరికి ముందుకు తిరిగిపోతాయి. పక్క అతుకులు రెండుచోట్ల విచ్చుకున్నాయి, వాడిన గమ్ము ఫెవికాల్ ఎస్ఆర్ 998. బంగారు రంగు స్ప్రే కొడితే పసుపు డబ్బా మాదిరి ఉంది, నడుము దగ్గర వంగేచోట పగుళ్లు కూడా వచ్చినాయి. వేసుకోవాల్సింది మే నెలలో, కర్నూల్లోనే, సాయంత్రం 4 గంటలకు ఆరుబయట స్టేజీ మీద. ముందు ఏది సరిచేయాలి?

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు)

రంగు సంగతి పక్కన పెట్టప్పా. ఫిట్టింగు తేలేదాకా బ్రష్షు ముట్టొద్దు, ఎందుకంటే కోతలు ఇంకా ఉన్నాయి.

అసలు తప్పు 89 శాతంలో ఉంది. ఎత్తును బట్టి తగ్గిస్తే నిలువు కొలత సరిపోతుంది, అడ్డం సరిపోదు. లెక్క చూడు. 116లో 89 శాతం అంటే 103 సెం.మీ. 10 మి.మీ. ఫోమును గుండ్రంగా వంచితే లోపలి చుట్టుకొలత సుమారు 3 సెం.మీ. తగ్గుతుంది, అంటే లోపల 100. నీకు కావాల్సింది 91కి ఊపిరి పీల్చుకోను, లోపలి బనియనుకు ఇంకో 4 కలిపి 95. కాబట్టి 5 సెం.మీ. ఎక్కువుంది. దాన్ని నడిమధ్యలో తీయొద్దు, ముద్ర వంకర పోతుంది. రెండు పక్కల అతుకుల దగ్గర రెండున్నర, రెండున్నర తీసెయ్. ఆ అతుకులు ఎట్లాగూ విచ్చుకున్నాయి కాబట్టి ఆ పని ఇప్పుడే అయిపోతుంది.

తెర మీద ఉన్నట్టు రావాలంటే సెంటీమీటర్లు కలవాల్సిన పనిలేదు, గుర్తులు కలవాలి. ఫోటోలో మెడపట్టీ కంఠం కింది ఎముక మీద కూర్చుందా? ఛాతీ పలక కింది అంచు బొడ్డుకు ఎన్ని వేళ్లు పైన ఆగింది? భుజం పలక కొన మోచేతికి, భుజానికి మధ్యలో ఎక్కడ ఉంది? నీ ఒంటి మీద అవే చోట్ల అవే గీతలు పడితే చూసేవాళ్లకు అదే కవచం. కొలత కలిసి గుర్తులు తప్పితే అద్దెకు తెచ్చుకున్న డ్రస్సు మాదిరి కనిపిస్తుంది.

కూర్చున్నప్పుడు లేచేదానికి మందు ఇది. మామూలు కుర్చీలో నిటారుగా కూర్చొని, తొడ మొదలు ఛాతీ పలకను ఎక్కడ నెడుతోందో అక్కడ సుద్దతో గీత పెట్టు. ఆ గీతకు 2 సెం.మీ. పైకి కొయ్. కోసిన ముక్కను పారెయ్యొద్దు. దాన్నే వేరే పొట్ట పట్టీగా చేసి, ఛాతీ పలక లోపలికి 5 సెం.మీ. దూరేటట్టు రెండు ఎలాస్టిక్ పట్టీలతో వేలాడదియ్. నిలబడితే ఒకే పలక మాదిరి ఉంటుంది, కూర్చుంటే లోపలికి జారుతుంది. ఫోటోలో అక్కడ అడ్డగీత లేకపోతే, ఆ అతుకు మీద నడుము పట్టీ పై అంచు వచ్చేటట్టు చూసుకో, కనపడదు.

చంక దగ్గర మాత్రం తొందర పడొద్దు. చేతులు కట్టుకుని నిలబడు, ఫోము మడత పడిన చోట గుర్తు పెట్టు, ఒక్కోసారి 5 మి.మీ. మాత్రమే కోస్తా మళ్లీ వేసి చూడు. ముందు వైపు మూడు సెం.మీ. దాకా పోవచ్చు, వీపు వైపు అంత అక్కర్లేదు. కోత అయినాక అంచుకు సగం గుండ్రం బీడింగు (సన్నటి ఫోము పట్టీ) అతికిస్తే పాత గీత తిరిగొస్తుంది, చర్మానికీ మెత్తగా ఉంటుంది.

భుజాలకు లోపల వెల్క్రో పెట్టుకో, సరిపోతుంది.

బురుజు_నీడ (కర్నూలు)

చివరి మాట ఒక్కటి ఒప్పుకోను. భుజానికి వెల్క్రో నిలవదు. వెల్క్రో పక్కకు లాగితే గట్టిగా పట్టుకుంటుంది, పైకి ఒలిస్తే ఊడొస్తుంది. చెయ్యి ఎత్తిన ప్రతిసారీ భుజం పలక ఒలిచే దిక్కులోనే లాగుతుంది. పైగా చెమటకు జిగురు వదిలేసి వెల్క్రోనే ఫోము నుంచి ఊడుతుంది.

పలక ముందుకు తిరుగుతోందంటే పైన ఒక్కచోటే కట్టినావని అర్థం. ఒక్క మేకుకు తగిలించిన పటం ఊగినట్టే. రెండు చోట్ల కట్టాలి. ఛాతీ పలక భుజం పట్టీకి ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, మధ్య దూరం 8 నుంచి 10 సెం.మీ. ఆ రెండూ 25 మి.మీ. వెడల్పు ఎలాస్టిక్. కొలిచిన పొడవుకు పదో వంతు తక్కువ కొయ్, కొంచెం లాగి ఉంటేనే పలక భుజానికి ఒదిగి ఉంటుంది. మూడోది, పలక కింది అంచు నుంచి దండచెయ్యి చుట్టూ ఒక ఎలాస్టిక్ ఉంగరం. ఇది లేకపోతే నడుస్తుంటే పలక కొన ఎగిరెగిరి పడుతుంది.

ఎలాస్టిక్‌ను ఫోముకు నేరుగా అతికించొద్దు, లాగుడంతా ఒక్క గీత మీద పడి ఫోము చిరుగుతుంది. 5 × 8 సెం.మీ. నైలాను పట్టీ ముక్కకు ఎలాస్టిక్‌ను కుట్టించి, ఆ ముక్కను లోపల అతికించు. స్కూలు బ్యాగులు కుట్టే కొట్టులో ఈ పది ముక్కలూ అరగంటలో కుట్టిస్తారు. విప్పాల్సిన చోట టిచ్ బటన్లు వాడు, కానీ బటను వెనకాల తోలు బిళ్లో, వాషరో పెట్టాలి. ఒట్టి ఫోముకు కొడితే బటను గుండా ఊడొస్తుంది. పక్కల మూయడానికి 38 మి.మీ. నైలాను పట్టీ, నొక్కితే విడిపోయే ప్లాస్టిక్ బకిల్. ఒక్కో పక్కకు రెండు. వీపు పలక ఛాతీ పలక కిందికి 4 సెం.మీ. పోవాలి, లేదంటే తిరిగినప్పుడు సందులో బనియను కనబడుతుంది.

భుజానికి మూడు రెక్కలు ఒకదాని కింద ఒకటి ఉండే రకమైతే, రెక్కల్ని ఒకదానికొకటి అతికించొద్దు. లోపల మూడు నిలువు పట్టీలకు విడివిడిగా అతికించు. అప్పుడే చెయ్యి ఎత్తితే రెక్కలు ఒకదాని మీదికి ఒకటి జారి ముడుచుకుంటాయి. కెమెరాలో ఆ కదలికే అసలైన లోహం అనిపిస్తుంది.

ఆదోని_దూది (ఆదోని)

అతుకుల సంగతి చెప్తా. ఎస్ఆర్ 998లో తప్పేం లేదు, అది రబ్బరు గమ్మే, ఫోముకు బాగా పట్టేదే. విచ్చుకోవడానికి కారణాలు సామాన్యంగా మూడు.

మొదటిది, అతికించినాక హీట్ గన్నుతో వంచడం. ఫోము చదునుకు తిరిగి పోవాలని చూస్తుంది, ఆ బలమంతా అతుకు మీద పడుతుంది. ముందు వంపు, తర్వాత గమ్ము. హీట్ గన్ను 10-15 సెం.మీ. దూరంలో కదిలిస్తానే ఉండాలి. పైతోలు మెరుపు మారిన క్షణంలో మోకాలి మీద పెట్టి వంచి, చల్లారేదాకా పట్టుకో. వదిలేస్తే సగం వంపు పోతుంది. కావాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే వంచు.

రెండోది, మన ఎండ. గమ్ము రెండు వైపులా పల్చగా పూసి వేలికి అంటనంత ఆరినాకే కలపాలి. డబ్బా మీద రాసిన నిమిషాలు నమ్ముకుంటే ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గమ్ము అంతకుముందే పొర కడుతుంది. పొర కట్టినాక కలిపితే అతుక్కున్నట్టే ఉండి సాయంత్రానికి నోరు తెరుస్తుంది. గడియారం చూడొద్దు, వేలితో చూడు. తెల్లారుజామున పని చెయ్, పూసిన ముక్క మీద ఫ్యాను గాలి నేరుగా తగలనియ్యొద్దు. ఒకేసారి అర మీటరు కంటే ఎక్కువ పూయొద్దు. కోసిన అంచు గమ్మును తాగేస్తుంది కాబట్టి అంచులకు ఒక పూత ఆరనిచ్చి, రెండో పూత పూసి, అప్పుడు కలుపు.

మూడోది మొద్దు బ్లేడు. అంచు చిరిగినట్టుంటే రెండు ముఖాలూ పూర్తిగా కలవవు. 10 మి.మీ. షీటు కోసేటప్పుడు ఒక్క దెబ్బకే కోయాలని చూడొద్దు, రెండు మూడు గీతల్లో కొయ్. బ్లేడు మొన విరిచి కొత్తది తెచ్చుకోవడానికి వెనకాడొద్దు.

ఇప్పుడు విచ్చుకున్న చోట పాత గమ్మును వేలితో రుద్ది ఉండలు చేసి తీసెయ్, 120 నంబరు శాండ్ పేపరు పట్టించు, దుమ్ము తుడిచి మళ్లీ అతికించు. లోపలివైపు ఆ అతుకు పొడవునా 5 సెం.మీ. వెడల్పు నూలుగుడ్డ పట్టీ గమ్ముతోనే అతికించు. ఒక రోజు దాకా ఒంటి మీద వేయొద్దు. ఈ గమ్ము ఆవిరి తలకెక్కుతుంది, మంట కూడా అంటుకుంటుంది. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, రసాయనాల ఆవిరిని ఆపే కాట్రిడ్జి మాస్కుతో చెయ్. దుమ్ముకు వేసుకునే ఎన్95 ఆవిరిని ఆపదు.

ఇంకొకటి. ఎండలో నిలిపిన కార్లో కవచం పెట్టొద్దు. బయట 42 డిగ్రీలుంటే లోపల 60 దాటుతుంది, గమ్ము మెత్తబడుతుంది, వంపులు చదునైపోతాయి.

కేసీకెనాల్_గట్టు (కర్నూలు)

అతికించినాకే వంచినా అన్నా, తప్పు అక్కడే. పక్కలు విప్పేసినా, రెండున్నర చొప్పున తీస్తున్నా. రంగు మీద ఎవరైనా చెప్తారా? ఫోము మీద తెల్ల ఫెవికాల్ నీళ్లతో కలిపి ఆరు పూతలు వేసి, దాని మీద స్ప్రే కొట్టినా.

తాడిపత్రి_రాయి (తాడిపత్రి)

పగుళ్లు ఆ ఆరు పూతల వల్లే. తెల్ల ఫెవికాల్ మందంగా పేరుకుంటే గట్టిపడుతుంది, వంగేచోట పగులుతుంది. పైగా అది నీళ్లకు మెత్తబడే జిగురు, చెమట తగిలేచోట జిడ్డవుతుంది. వంగని చోట్లలో, అంటే మకరముఖాలు, ఛాతీ నడిమధ్య, దాన్ని ఉంచుకోవచ్చు. నడుము, పక్కలు, భుజం రెక్కలు మాత్రం ఒలిచి, హీట్ గన్నుతో పైతోలు మూసుకునేటట్టు ఒకసారి కాచి, ప్లాస్టి డిప్ లాంటి రబ్బరు స్ప్రే మూడు నాలుగు పల్చటి పూతలు వెయ్యి. వంచితే అది ఫోముతో పాటే సాగుతుంది. దాని మీద రంగు కూడా అక్రిలిక్ అయితేనే మంచిది. ఇనుప గేట్లకు వేసే ఎనామిల్ వేస్తే మళ్లీ పగుళ్లే.

ఇక బంగారం. తెర మీద బంగారంలా కనిపించేది నిజానికి సగం నలుపు. ముందు నల్ల పూత. దాని మీద స్పాంజితో ముదురు గోధుమ రంగు, గుంతల్లో నలుపు మిగిలేటట్టు. తర్వాత పాత ఇత్తడి ఛాయ ఉన్న బంగారు రంగును దాదాపు ఎండిన బ్రష్షుతో, ఉబ్బెత్తు భాగాల మీద మాత్రమే. బ్రష్షును ముందు పాత గుడ్డకు తుడువు, గుడ్డ మీద గీత పడీ పడనట్టు ఉన్నప్పుడు కవచం మీదికి పోవాలి. ఆఖరున చేతులు, కత్తి ఒర రాసుకునే అంచులకు మాత్రం కొంచెం వెండి రంగు. అన్నిచోట్లా రాస్తే అరుగుదల అనిపించదు, దుమ్ము అనిపిస్తుంది. నలుపు, గోధుమ అక్రిలిక్‌ను నీళ్లలో పల్చగా కలిపి గుంతల్లో పారించి, తడి ఆరకముందే పైపైన తుడిస్తే లతలన్నీ లేచి కనిపిస్తాయి.

సినిమా ఫ్రేము చూసి రంగు కలపొద్దు. అక్కడ దీపాల రంగు, తర్వాత చేసిన రంగుల దిద్దుబాటు కలిసి ఉంటాయి. రాత్రి సీనులో అదే కవచం నీలంగా ఉంటుంది. షూటింగు జరిగేటప్పుడు పగటి వెలుగులో తీసిన ఫోటోలు దొరికితే వాటిని పట్టుకో. ఇంకో సంగతి, దగ్గరి షాట్లకు ఒక కవచం, పోరాటాలకు తేలికైన మెత్తటి రకం ఇంకొకటి చేయించడం సినిమాల్లో మామూలే. రెండింటి ఫోటోలు కలిపి చూస్తే ఏ అంచు ఎక్కడ ఆగాలో తేలదు. ఒక్కదాన్నే ఎంచుకో.

మకరముఖాలకు 2 మి.మీ. ఒక్క పొర చాలదు, స్టేజీ మీద దూరానికి చదునుగా పోతుంది. రెండు మూడు పొరలు మెట్లుగా అతికించి, అంచులు శాండ్ పేపరుతో గుండ్రం చెయ్యి. ఎంత లోతుంటే నీడ పడుతుందో తెలుసుకోవాలంటే మా ఊళ్లో బుగ్గ రామలింగేశ్వరుని గుడి గోపురాల మీద చెక్కుడు చూడు, లేదంటే లేపాక్షి లతామంటపం స్తంభాలు. సాయంత్రం ఏటవాలు ఎండలో చూడాలి, నీ కార్యక్రమం కూడా అదే వెలుగులో కదా.

సరిచూసుకోవడానికి ఫోనును మూడు నాలుగు మీటర్ల దూరంలో, ఛాతీ ఎత్తున పెట్టి రెండింతల జూమ్‌తో ఫోటో తియ్యి. మీటరు దూరం నుంచి తీస్తే ఛాతీ ఉబ్బినట్టు, కాళ్లు చిన్నగా వస్తాయి, బాగున్నదాన్ని కూడా మళ్లీ కోస్తావు.

కేసీకెనాల్_గట్టు (కర్నూలు)

అక్కా, రబ్బరు స్ప్రే వేసినాక పట్టీల ముక్కలు అతికించాలా, ముందేనా? ఆ ఎండలో ఎంతసేపు వేసుకోవచ్చో కూడా చెప్పండి.

తాడిపత్రి_రాయి (తాడిపత్రి)

ముందే. రబ్బరు పొర మీద గమ్ము పెడితే పొరతో సహా ఊడుతుంది. లోపలివైపు స్ప్రే పడకుండా పేపరు అంటించుకో.

బురుజు_నీడ (కర్నూలు)

ఎండ సంగతి నేను చెప్తా. స్టేజీ ఎక్కే పది నిమిషాల ముందు మాత్రమే ఛాతీ పలక బిగించు, మొత్తం అరగంట దాటనియ్యొద్దు. తల తిరిగినా, చెమట ఆగిపోయినా అప్పుడే విప్పెయ్యాలి, ఆగొద్దు. భుజం పలకల కింద, మెడపట్టీ వెనకాల కనపడని చోట రెండు వేళ్లంత సందులు పెట్టు, వేడి పైనుంచి పోతుంది. లోపల పల్చటి నూలు బనియను, ఇంకోటి మార్చుకోను. ఒక మనిషి పక్కనే ఉండాలి, రెండు పక్కల బకిళ్లు విడిపించడం ఆయనకు ముందే నేర్పించు.

వేసుకునే వరస పిక్కలతో మొదలు. ఛాతీ పలక వేసినాక వంగలేవు. పిక్కలు, నడుము పట్టీ, పొట్ట పట్టీ తగిలించిన ఛాతీ పలక, తర్వాత వీపు, భుజాలు, ఆఖరున ముంజేతులు. ముంజేతులు ముందు వేసుకుంటే బకిళ్లు నీ చేతికి అందవు. విడి టిచ్ బటన్లు నాలుగు, గుడ్డ టేపు చుట్ట ఒకటి, చిన్న గమ్ము ట్యూబు సంచిలో పెట్టుకో.